ముఖం చూడకుండా మార్కులు

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో వీజర్ అని ఓ చిన్న ఊరుంది. ఏటా జూన్‌లో అక్కడ పాతబాణీ ఫిడేలు జాతీయ పోటీ జరుగుతుంది. వేదిక మీద ఒకరు వాయిస్తుంటారు, జనం చప్పట్లు కొడుతుంటారు. మార్కులు వేసేవాళ్లు మాత్రం ఆ హాల్లో ఉండరు. మరో గదిలో కూర్చుని, స్పీకర్‌లో వినబడే నాదం ఒక్కదాన్నే వింటారు. వాయించేది పేరున్న విద్వాంసుడో పన్నెండేళ్ల పిల్లో వాళ్లకు తెలియదు. మన ఆకాశవాణి ఆడిషన్లలో పేరు చెప్పకుండా విని గ్రేడు ఇచ్చిన పద్ధతీ ఇలాంటిదే.

ఫిడేలు పందేలు ఆ దేశం పుట్టకముందే మొదలయ్యాయి. 1730ల్లోనే వర్జీనియాలోని హానోవర్ కౌంటీలో సెయింట్ ఆండ్రూ పండుగనాడు గుర్రప్పందేలతో పాటు ఫిడేలు పోటీ కూడా పెట్టారు. గెలిచినవాడికి బహుమానం ఫిడేలే. 1913లో మొదలై 1935 దాకా సాగిన అట్లాంటా పోటీలు మరీ జనరంజకమైనవి. ఫిడ్లిన్ జాన్ కార్సన్ లాంటివాళ్లు వాయిద్యంతో పాటు మాటతో, హాస్యంతో కూడా సభను కట్టిపడేసేవారు. అయితే ఆ పోటీలో నల్లజాతి కళాకారులకు చోటు లేదు. అమెరికా దక్షిణాదిలో నాట్యాలకు తరాల తరబడి ఫిడేలు వాయించినవాళ్లలో వాళ్లు ముఖ్యులు. న్యాయనిర్ణేతను చాటున కూర్చోబెట్టినంత మాత్రాన న్యాయం జరగదు, గుమ్మం ముందుగా అందరికీ తెరవాలి.

వీజర్ పోటీ 1953లో మొదలైంది. జానపద గీతాలు సేకరించే బ్లేన్ స్టబుల్‌ఫీల్డ్ అప్పుడు అక్కడి వాణిజ్య మండలిలో పనిచేసేవాడు. స్క్వేర్ డ్యాన్స్ ఉత్సవం మధ్య విరామంలో ఈ పోటీ పెట్టించింది ఆయనే. 1963 నుంచి దీనికి జాతీయ పోటీ అన్న హోదా వచ్చింది. నాట్యం నడుమ పుట్టిన సంగతి దాని నిబంధనల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

రౌండుకు మూడు బాణీలు వాయించాలి. ముందు హోడౌన్ అనే చురుకైన నాట్యపు బాణీ, తర్వాత వాల్ట్జ్ నాట్యపు బాణీ, ఆపైన ఆ రెండు తరహాలకూ చెందని మరొకటి. మూడూ కలిపి 4 నిమిషాల్లో ముగియాలి. మించితే మార్కులు కోస్తారు. ఒకసారి వాయించింది తర్వాతి రౌండులో పనికిరాదు కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఎన్ని బాణీలు వచ్చో కూడా తేలిపోతుంది. గారడీ వాయింపు నిషిద్ధం. రైలు పరుగును అనుకరించే 'ఆరెంజ్ బ్లాసమ్ స్పెషల్', పిట్ట కూతల 'లిసన్ టు ద మాకింగ్‌బర్డ్' లాంటివి పోటీకి పనికిరావు. సభను ఊపేసే ముక్కలే అవి, అందుకే పక్కన పెట్టారు. మార్కులిచ్చేటప్పుడు లయ, నాదం, పాతబాణీ తీరు చూస్తారు. వాటితో పాటు ఆ వాయింపుకు అడుగు వేయగలమా అన్నదీ చూస్తారు. నా మట్టుకు ఈ చివరిదే అన్నిటికన్నా విలువైన కొలత.

ఎందుకంటే పోటీ సంగీతం మెల్లగా నాట్యానికి దూరమైంది. టెక్సస్ కళాకారుడు ఎక్ రాబర్ట్‌సన్ 1922లో న్యూయార్క్‌లో 'శాలీ గుడెన్' రికార్డు ఇచ్చాడు. బాణీ తిరిగి వచ్చిన ప్రతిసారీ అందులో కొత్త సంగతి వినిపిస్తుంది. మరో ఫిడేలు కళాకారుడు బెన్నీ థామస్సన్ ఆ దారిని ఇంకా విస్తరించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మార్క్ ఓ'కానర్ 1979 నుంచి 1984 దాకా వీజర్‌లో నాలుగుసార్లు విజేత అయ్యాడు. అది గొప్ప కళ, సందేహం లేదు. కానీ గెలిచే తీరు ఇదని తెలిశాక దేశమంతటి పిల్లలూ దాన్నే సాధన చేశారు. అప్పలాచియన్ కొండల్లో మోటుగా, బలంగా సాగే కమాను పట్టుకు ఆ పోటీలో మార్కులు తక్కువే. పాతదాన్ని కాపాడాలని రాసుకున్న నిబంధనలు అన్ని పాత తీరుల్నీ సమానంగా కాపాడలేకపోయాయి.

అందుకేనేమో, వీజర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అసలు పోటీలో పేరే ఇవ్వరు. గుడారాలు, ట్రెయిలర్ల మధ్య కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఒకరు బాణీ ఎత్తుకుంటే పక్కవాళ్లు గిటారుతో, బాంజోతో అందుకుంటారు. 4 నిమిషాల గడువు అక్కడ లేదు. అదే బాణీని అరగంట తిప్పినా ఎవరూ వద్దనరు.