మిగిలిన రెండేళ్ళు

1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దుట స్టార్ ట్రెక్ వచ్చేది. ఈ సంచిక చదువుతున్న వాళ్ళలో దాన్ని చూసినవాళ్ళు కొందరైనా ఉండే ఉంటారు. మా ఊళ్ళో టీవీ ఉన్న ఇళ్ళు నాలుగో అయిదో. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. కోణాల చెవుల స్పాక్‌ని చూడ్డానికే పిల్లలమంతా వెళ్ళి ఆ ఇంటి వాకిట్లో కూర్చునేవాళ్ళం. ఆ నభోనౌక అయిదేళ్ళ యాత్ర మీద బయల్దేరిందని ప్రతివారం మొదట్లోనే చెప్పేవారు. ఆ అయిదేళ్ళూ ఎన్నడూ పూర్తి కాలేదని మాత్రం నాకు ఉద్యోగానికి దోహా వచ్చిన తరవాత గాని తెలియలేదు.

జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ ధారావాహిక అమెరికాలో ఎన్.బి.సి.లో 1966 సెప్టెంబరు 8న మొదలయింది. చూసేవాళ్ళు చాలడం లేదని రెండో ఏడే ఆపేస్తారన్న కబురు వచ్చింది. అప్పుడు బీజో ట్రింబుల్, ఆవిడ భర్త జాన్ కలిసి దేశం నలుమూలల్నించీ ఆ సంస్థకి ఉత్తరాలు రాయించారు. ఈమెయిలు లేని రోజులు. ప్రతి ఉత్తరానికీ కాగితమూ స్టాంపూ ఖర్చే. దాంతో మూడో ఏడు దక్కింది గాని, శుక్రవారం రాత్రి పది గంటలకి తోసేశారు. శుక్రవారమంటే ఇక్కడ మనకి సెలవు. అక్కడ కుర్రకారు ఇంటిపట్టున ఉండని రాత్రి అది. 1969 జూన్ 3న 79వ భాగంతో కథ ఆగిపోయింది. అయిదేళ్ళ యాత్రలో మూడేళ్ళే గడిచాయి.

తరవాత అదే నౌకతో 'ఫేజ్ టూ' పేరిట కొత్త ధారావాహిక తీద్దామని 1977లో సన్నాహాలు చేసి, చివరికి దాన్ని 1979లో సినిమాగా మార్చారు. మరికొన్ని సినిమాలూ, వేరే నౌకలతో వేరే ధారావాహికలూ వచ్చాయి. పాత యాత్రలో మిగిలిన రెండేళ్ళ జోలికి మాత్రం ఎవరూ సరిగ్గా పోలేదు.

పోయినవాడు ఒక ఎల్విస్ వేషధారి. జేమ్స్ కాలీ ఎల్విస్ ప్రెస్లీలా తయారై పాటలు పాడి బతికేవాడు. ఆ సంపాదన తెచ్చి నౌక సెట్లు కట్టడం మొదలుపెట్టాడు. పాత ధారావాహికకి దుస్తులు రూపొందించిన విలియం థైస్ ద్వారా అతనికి అసలు సెట్ల నక్షాలు దొరికాయి. జాక్ మార్షల్‌తో కలిసి 2003లో 'న్యూ వాయేజెస్' మొదలుపెట్టి, మొదటి భాగం 2004 జనవరిలో అంతర్జాలంలో ఉచితంగా పెట్టాడు. కెప్టెన్ కర్క్ వేషం తనే వేశాడు. అతని నటన గురించి ఎక్కువ చెప్పను. మన సంఘాల ఉగాది నాటకాలు చూసినవాళ్ళకి ఊహించుకోవడం కష్టం కాదు. కానీ ఆ గోడలు, ఆ మీటలు, ఆ తలుపు జరిగే చప్పుడు, అన్నీ దూరదర్శన్‌లో చూసినవే!

అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. నజ్మాలో నలుగురం కలిసి ఉంటున్న గదిలో రాత్రంతా కంప్యూటరు వదిలేస్తే ఒక భాగం దిగేది. మధ్యలో లైను తెగితే మళ్ళీ మొదటికే వచ్చేది. సెలవురోజున అందరం మంచాల మీద చేరి చూసేవాళ్ళం.

ఆ ప్రయత్నాన్ని పెద్దవాళ్ళు కూడా గుర్తించసాగారు. 1967లో కమడోర్ డెక్కర్‌గా నటించిన విలియం విండమ్ 2004లో మళ్ళీ అదే పాత్ర వేశాడు. 2006లో వాల్టర్ కేనిగ్ చెకోవ్‌గా వచ్చాడు. ఆ భాగం రాసింది పాత ధారావాహిక రచయిత్రి డి.సి. ఫోంటానా. 2007 ఆగస్టులో వచ్చిన 'వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్'లో జార్జ్ టకే సూలూగా నటించాడు. మరుసటి ఏడు హ్యూగో పురస్కారానికి పోటీలో నిలిచిన వాటిలో అదొకటి. బహుమతి డాక్టర్ హూకి పోయిందనుకోండి. సొంత డబ్బుతో తీసిన నాటకం బి.బి.సి. పక్కన నిలబడింది, అంతవరకు ఖాయం.

ఆ భాగం గురించి కొంచెం చెప్పాలి. సూలూ ఒక పాడుబడ్డ శత్రునౌకలోకి పని మీద వెళతాడు. క్షణాల్లో వెనక్కి లాగుతారు. వచ్చినవాడికి ముప్ఫై ఏళ్ళు పైబడి ఉంటాయి. వెంట ఎదిగిన కూతురు. కాలం వేరేగా నడిచే ఏదో లోకంలో ఇరుక్కుపోయి ఒక జీవితం గడిపి వచ్చాడు. ఎదురుగా ఉన్న స్నేహితులకి మాత్రం అతను వెళ్ళి కాఫీ తాగేంత సేపు కూడా కాలేదు.

ఆ రోజు మా గదికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు పెద్దాయన వచ్చి ఉన్నాడు. 1970ల చివర్లో గల్ఫుకి వచ్చినవాడు. రెండేళ్ళకి రాసుకున్న కాంట్రాక్టు తిరగరాసుకుంటూ పోయాడు. రెండేళ్ళకొకసారి నెలరోజుల సెలవు. ఇంగ్లీషు రాదు కాబట్టి కథ నేను చెబుతూ వచ్చాను. అంతా విని, "నయమే సార్, బిడ్డనన్న ఎంబడి తెచ్చుకున్నడు" అన్నాడు. ఆయన బిడ్డ పెళ్ళికి ఆయనకి సెలవు దొరకలేదని మాకందరికీ తెలుసు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చౌకబారు సెట్లలో తీసిన ఆ కథ, కోట్లు పోసి తీసిన సినిమాలు ఏనాడూ తాకని చోట తాకింది.

ఒకరు వదిలేసిన కథని వాళ్ళ బాణీలోనే మరొకరు పూరించడం మనకి కొత్త కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద నన్నయ 11వ శతాబ్దంలో మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీ ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా నడిపాడు. ఆ మధ్య భాగాన్ని పూరించినవాడు 14వ శతాబ్దపు ఎర్రన. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉంటూ కూడా, ఆ భాగాన్ని ఎన్నడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయ పోలికలతో మొదలుపెట్టి తిక్కన పోలికల్లోకి జారుకున్నాడని పెద్దలు అంటారు. కాలీ చేసిందీ ఇలాంటి పనే. ప్రతిభలో పోలిక తేవడం లేదు, ఉద్దేశంలో మాత్రమే. తేడా ఒకటే: వ్యాసుడి వారసులెవరూ ఎర్రనకి నోటీసు పంపలేదు.

స్టార్ ట్రెక్ హక్కుదారులు చాలా ఏళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. లాభం చేసుకోకపోతే చాలన్నట్టు ఉండేవారు. ఆ మౌనంలోనే ఎన్నో బృందాలు పుట్టాయి. 'హిడెన్ ఫ్రాంటియర్' అనే బృందం 2000 నుంచి 2007 వరకు 50 భాగాలు తీసింది. చివరికి 'ఆక్సనార్' అనే సినిమా కోసం అభిమానుల నుంచి పది లక్షల డాలర్లకి పైగా చందాలు పోగయ్యేసరికి, 2015 డిసెంబరులో సి.బి.ఎస్., పారమౌంట్ సంస్థలు దావా వేశాయి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఈలోగా 2016 జూన్‌లో అభిమానులందరికీ కలిపి నిబంధనలు వచ్చాయి. ఒక్కో భాగం 15 నిమిషాలు, కథ మొత్తం 30 నిమిషాలు దాటకూడదు. వరసగా భాగాలు తీయకూడదు. చందా 50,000 డాలర్లు మించకూడదు. స్టార్ ట్రెక్‌లో ఎప్పుడైనా పనిచేసినవాళ్ళు ఎవరూ ఉండకూడదు.

హక్కుదారుల మాట పూర్తిగా అన్యాయమని నేను అనను. పది లక్షల డాలర్లు చేతికొచ్చాక అభిమానానికీ వ్యాపారానికీ గీత ఎక్కడ గీయాలో చెప్పడం కష్టం. కానీ ఆ చివరి షరతు మనసుకి పట్టదు. దాని ప్రకారం టకే సూలూగా ఇంకోసారి రాలేడు.

ఇది మనకి ఎందుకంటారా? దోహాలో మాకు తెలిసిన వాళ్ళబ్బాయి ఒకడు 'ఆదిత్య 369' కథని పొడిగిస్తూ చిన్న సినిమా తీస్తానన్నాడు. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ఆ చిత్రాన్ని వాడు పుట్టకముందు నుంచీ వాళ్ళ నాన్న దాచుకున్నాడు. కాలయంత్రం దిగడానికి మెసయీద్ ఇసుక తిన్నెలు చూసుకుని వచ్చాడు. ఖతార్‌లో 2002 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం ఒకరి రచనని మార్చి మరోటి చేయాలంటే హక్కుదారు అనుమతి కావాలని, రచయిత పోయిన 50 ఏళ్ళ దాకా ఆ హక్కు ఉంటుందని, మన దేశంలో అయితే 60 ఏళ్ళని చెప్పాను. యంత్రం, మనుషులు నీవే కల్పించుకో అన్నాను. "అప్పుడు నాన్నకి ఏం నచ్చుతుంది అంకుల్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

కాలీ పోరాడలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని టైకాండరోగాలో తను కట్టిన సెట్లకే లైసెన్సు తీసుకుని, 2016లో వాటిని జనం చూసే ప్రదర్శనశాలగా మార్చాడు. యాత్ర పూర్తి చేసింది వేరొకరు. విక్ మిన్యోనా బృందం జార్జియా రాష్ట్రంలోని కింగ్స్‌లాండ్‌లో 2013 నుంచి 'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' తీసింది. అందులో స్కాటీ వేషం వేసిన క్రిస్ డూహన్, అసలు స్కాటీ జేమ్స్ డూహన్ కొడుకే. నిబంధనలు వచ్చాక వాళ్ళు అనుకున్నవి కుదించుకుని పదకొండు భాగాలతో ముగించారు. చివరిది 2017 నవంబరులో వచ్చింది. అందులో కథని 1979 సినిమా మొదలయ్యే చోటికి తెచ్చి కలిపారు. 1969లో ఆగిన నౌక 48 ఏళ్ళ తరవాత ఇంటికి చేరింది.