పట్టాభిషేకం తర్వాత

మా ఇంట్లో రామాయణ పారాయణం పట్టాభిషేకంతో సరి. ఉత్తరకాండ జోలికి మా నాయనమ్మ పోనిచ్చేది కాదు. "సుఖంగా ఉన్నారు కదా, ఉండనీయండర్రా!" అనేది. ఈమధ్య జపాను వీడియో గేముల చరిత్ర తిరగేస్తుంటే ఆవిడ మాటే గుర్తొచ్చింది. నవ్వకండి, చెబుతాను.

1995 మార్చిలో స్క్వేర్ కంపెనీ 'క్రోనో ట్రిగ్గర్' అనే ఆట విడుదల చేసింది. 'ఫైనల్ ఫాంటసీ' సృష్టించిన సకగుచి, దానికి పోటీగా నిలిచిన 'డ్రాగన్ క్వెస్ట్' కర్త యూజి హోరీ, 'డ్రాగన్ బాల్' బొమ్మల తోరియామా - ముగ్గురూ ఈ ఆట కోసం కలిశారు. ఎదురెదురు హోటళ్ల వాళ్లు ఒకే పెళ్లికి వంట చేసినట్టన్నమాట! సంగీతం కట్టిన కుర్రాడు మిత్సుదా పని ఒత్తిడికి కడుపులో పుండ్లు పడి మంచమెక్కితే, మిగతాది ఉఎమత్సు పూర్తిచేశాడు.

ఇది వంతుల ఆట. ఒక్కొక్కరి పక్కన ఒక గీత నిండుతుంది. నిండితే వాళ్ల వంతు వచ్చినట్టు. ఇద్దరి వంతులూ కలిపితే జంటదెబ్బ కొట్టొచ్చు. వీరులు ఏడుగురే. కత్తి పట్టిన క్రోనో, రాకుమారి మార్ల్, యంత్రాల పిచ్చి లూకా, కప్పరూపంలో ఉన్న యోధుడు... ఆట ముగిసేసరికి అందరూ ఇంట్లోవాళ్లయిపోతారు. 1999లో లోకాన్ని తగలబెట్టబోయే లావోస్ అనే భూతాన్ని కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగి అంతం చేస్తారు.

సరిగ్గా ఆ 1999 నవంబరులోనే 'క్రోనో క్రాస్' వచ్చింది. ముహూర్తం ఎవరు పెట్టారో! మొదటి ఆట కథలో చెయ్యి వేసిన మసాతో కాతోయే దీనికి దర్శకుడు. హోరీ, తోరియామా లేరు. 1996లో ఉపగ్రహం ద్వారా ప్రసారమైన తన చిన్న కథాగేము 'రాడికల్ డ్రీమర్స్'ను కాతో మళ్ళీ పెద్దగా అల్లాడు. పత్రికలు ఆకాశానికెత్తాయి, గేమ్‌స్పాట్ అయితే పదికి పది వేసింది. మిత్సుదా సంగీతం ఇప్పటికీ వింటారు.

మరి అభిమానులు ఎందుకు నొచ్చుకున్నారు? ఈసారి వీరులు నలభై ఐదుగురు. పెళ్లి విడిదిలో చుట్టాల్లా వస్తారు, పేరు గుర్తుపెట్టుకునేలోగా పక్కకి పోతారు. మాంత్రికుడు మేగస్‌ని కూడా తెద్దామనుకుని, ఇంతమందిలో అతని కథకు న్యాయం చేయలేమని మానుకున్నారు. గార్డియా రాజ్యం కూలిపోయిందట. లూకా అనాథాశ్రమం తగలబడిందట. అన్నీ 'అట'లే! క్రోనో, మార్ల్, లూకా చిన్నపిల్లల నీడల్లా కనిపించి నాలుగు మాటలని మాయమవుతారు.

విషాదం వద్దని కాదు సుమండీ. 1963లో 'లవకుశ' వస్తే మనవాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లి, కళ్లు వాచేలా ఏడ్చి, మళ్లీ వెళ్లారు. ఎందుకని? సీతమ్మ కష్టం కళ్లెదుట జరిగింది. అడవిలో ఆమెతో మనమూ నడిచాం. అదే ఎవరో దారినపోయేవాడు "సీత అడవికి పోయిందటండీ" అని చెప్పి, తన ఊరి సంగతుల్లో పడితే మనకెలా ఉండేది?

క్రాస్‌లో మంచి కథ లేదనను. హీరో సెర్జ్ ఇంకో లోకంలోకి జారిపడి, పదేళ్ల కిందట తాను చచ్చిపోయినట్టు రాసి ఉన్న సమాధి చూస్తాడు. ఒళ్లు జలదరిస్తుంది! ఆ పిల్లాడి కథే వేరే పేరుతో వచ్చుంటే ఎవరూ వంక పెట్టేవారు కాదేమో. 'క్రోనో' అని పిలిచి ఇంటికి రమ్మన్నారు. వెళితే ఇంటివాళ్లు లేరు.

2022 ఏప్రిల్లో క్రాస్‌ని మెరుగులు దిద్ది, 'రాడికల్ డ్రీమర్స్'ని కూడా జతచేసి మళ్లీ అమ్మారు. మూడో క్రోనో మాత్రం ఇంతవరకు రాలేదు. మా నాయనమ్మ ఉంటే, రాకపోవడమే మంచిదనేది.