వెండితెరకు పట్టిన చోరభయము



విజయనగరమున 1892వ సంవత్సరమున జగన్నాథ విలాసినీ సభవారు గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను తొలిసారి ప్రదర్శించిరి. ఆ ప్రదర్శనమును దొంగిలించుట యెవ్వరికిని శక్యము కాకుండెను. నటుడు రంగమున నిలువనిదే నాటకము లేదు. సినిమా యట్టిది కాదు. ఒక ప్రతినుండి వేయి ప్రతులు తీయవచ్చును. దాని బలమదియే; బలహీనతయు నదియే.

రీళ్ల కాలమున చోరభయము స్వల్పము. పెట్టె నపహరించినను ఆడించుటకు యంత్రము కావలెను గదా! 1980 తరువాత వీడియో క్యాసెట్టు వచ్చెను. అద్దె యంత్రము తెచ్చి తెల్లవార్లు బొమ్మలు చూచిన దినములు మీలో పెక్కురకు జ్ఞాపకముండును. పిమ్మట సీడీలును, అటుపై ఇంటర్నెట్టును వచ్చి, దొంగ ప్రతికి దూరభారము లేకుండ చేసెను.

2013లో 'అత్తారింటికి దారేది' చిత్రము ఆందోళనల కారణమున వాయిదా పడియుండెను. సెప్టెంబరులో, విడుదలకు ముందే, అందు సుమారు గంటన్నర భాగము బయటపడెను. కృష్ణాజిల్లా పెడనలో సీడీలు అమ్ముడుపోయెను. నిర్మాత తొందరపడి అదే నెల 27న చిత్రమును విడుదల చేసెను. ప్రజలు ఆదరించిరి, చిత్రము గట్టెక్కెను. అంతమాత్రమున నష్టము లేదనరాదు. పెద్ద నటుని చిత్రము దెబ్బకు తాళును. చిన్న నిర్మాతకు మొదటి వారమే ప్రాణము.

ఈ జాడ్యము మన పొరుగునకును వచ్చినది. 2025 జనవరి 10న విడుదలైన 'గేమ్ ఛేంజర్'ను కొలది దినములకే గాజువాకలో ఒక స్థానిక కేబులు ప్రసారమున చూపగా పోలీసులు చర్య గైకొనిరి. ఆ నవంబరులోనే ఐబొమ్మ నిర్వాహకుడు హైదరాబాదులో పట్టుబడెను. 2023లో సవరింపబడిన సినిమా చట్టము ఇట్టి నేరమునకు 3 నెలలనుండి 3 సంవత్సరముల చెరను, 3 లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాను విధించుచున్నది.

చట్టమొక్కటియే చాలునా? వలసపోయిన మన జిల్లాల కూలీకి కుటుంబముతో సినిమాకు పోవుట ఖర్చుతో కూడిన పని. ఊరి హాలు మూతపడినచోట చేతిలోని ఫోనే హాలగుచున్నది. ధర అందుబాటున నుంచుట పరిశ్రమ ధర్మము.

కాని పేదరికము దొంగసరకును మంచిసరకుగా మార్చదు. హాలువద్ద టిక్కెట్టు చింపువాడును, సోడాలమ్మువాడును పేదలే. పొరుగువాని చేనిలో వెన్నులు కోసినవానిని మనము దొంగ యందుము. ఆ న్యాయమునే మన పిల్లల ఫోనులకును వర్తింపజేయుట పెద్దల కర్తవ్యము. సెలవు.