'స' ఎక్కడుందో వినండి



కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం 7వ వచనంలో అపొస్తలుడైన పౌలు పిల్లనగ్రోవిని, వీణను తలచుకుంటాడు. స్వరభేదం వినబడకపోతే అది ఏ పాటో ఎవరికి తెలుస్తుందని ఆయన భావం. మరి ఆ భేదాన్ని మన చెవి ఎలా పట్టుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక ఆదివారం నందిగామ దగ్గరి ఒక పల్లెలో ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది. రెండవ చరణానికల్లా స్త్రీలొక శ్రుతి, పురుషులొక శ్రుతి అయ్యారు. నేను కూడా తప్పిపోయాను. అప్పుడు వెనుక చాపమీద కూర్చున్న ఒక పెద్దమ్మ పల్లవి అందుకుంది. సంఘమంతా ఆమె శ్రుతిలోకి వచ్చింది. ఆమెకు అక్షరం రాదు. కాని ఆధార షడ్జమం ఆమె చెవిలో నిలిచే ఉంది.

ఇంగ్లండులో ఇదే సంగతిని ఒక స్త్రీ పాఠంగా మలచింది. నార్విచ్ పట్టణంలో పిల్లలకు పాట నేర్పిన శారా గ్లోవర్ 1835లో తన పద్ధతిని పుస్తకంగా ప్రచురించింది. 1841లో హల్ పట్టణంలో సమావేశమైన సండేస్కూలు ఉపాధ్యాయులు, పాట నేర్పడానికి సులువైన మార్గం చూడమని జాన్ కర్వెన్ అనే యౌవన పాదిరిని కోరారు. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. గ్లోవర్ పుస్తకంతో తానే ముందు నేర్చుకొని, ఆ పద్ధతిని కొన్ని మార్పులతో 'టానిక్ సోల్ఫా'గా వ్యాపింపజేశాడు. మిషనరీల ద్వారా అది మడగాస్కర్, ఫిజీల వరకు వెళ్లింది.

అందులోని కీలకం ఒక్కటే. ఏ శ్రుతిలో పాడినా ఆధార స్వరం 'డో'. మిగిలిన స్వరాలన్నిటినీ దానితో పోల్చి వినాలి. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క గుణముందని కర్వెన్ చెప్పాడు: 'డో' స్థిరమైనది, 'సో' ప్రకాశమైనది, 'లా' దుఃఖంతో కూడినది. 1870లో ఆయన వీటికి చేతి గుర్తులు కూడా జతపరచాడు.

ఇది మనకు క్రొత్త సంగతా? కానే కాదు. మన సంగీతంలో 'స' ఎప్పుడూ గాయకుని గొంతునుబట్టే కదలుతుంది. ఒకరికి ఒకటి శ్రుతి, మరొకరికి అయిదు శ్రుతి. పురందరదాసు ఏర్పరచాడని చెప్పే సరళీ వరుసలు తంబురా శ్రుతిమీద పిల్లల చెవినే సిద్ధపరుస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తుల కీర్తనలకు మన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో రాగం, తాళం ముద్రించి ఉన్నాయి. ఆ పేర్లు చదవలేనివారు సైతం ఆ పాటలను చెవితోనే నేర్చి పిల్లలకు అప్పగించారు.

నేడు కీబోర్డులో ఒక మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది. మీట మంచిదే. అయితే అది మన చెవి పని చేయదు.

కాబట్టి ఈ వారం మీ సండేస్కూలులో ఇలా చేయండి. హార్మోనియంమీద 'స' పట్టి ఉంచండి. కర్వెన్ నేర్పిన వరుసలో ముందు స, గ, ప. తరువాత రి, ని. చివర మ, ద పాడించండి. మీరు 'ఆ' అని ఒక స్వరం పలికి, అదేమిటో పిల్లలను అడగండి. పిమ్మట 'స'ను మరో మెట్టుకు మార్చి మళ్లీ అడగండి. మెట్టు మారినా 'ప'ను 'ప'గానే గుర్తుపట్టిన పిల్లవాడు, రేపు కరెంటు పోయినప్పుడు మీ సంఘాన్ని పాటలో నిలబెడతాడు.