పేరులో కోత ఎక్కడ? వికారాబాద్, తాండూరు నామాలు – జావా క్లాస్ పేర్లు

కీలక పదాలు: స్థలనామం, పదవిభాగం, సంధి, జావా, క్లాస్ పేరు, మెథడ్ సిగ్నేచర్

ఉపోద్ఘాతం

సంయుక్త నామాన్ని విడదీయడం వైయాకరణులకూ స్థలనామ పరిశోధకులకూ చిరపరిచితమైన పని. జావా ప్రోగ్రాముల్లోనూ క్లాసుల పేర్లనూ మెథడ్ సిగ్నేచర్లనూ విడదీసేందుకు చిన్న చిన్న సహాయక ఫంక్షన్లు రాస్తారు. పేరు రూపాన్ని మాత్రమే చూసి కోత నిర్ణయించడం ప్రమాదకరమని, ఆ పేరు ఏర్పడిన తీరుకు ఆధారం అవసరమని ఈ రెండు రంగాల అనుభవమూ నిరూపిస్తుంది.

రెండు ఊళ్ల పేర్లు

వికారాబాద్ అనే పేరు తెలుగు పాఠకుడికి సవర్ణదీర్ఘసంధిలా కనిపిస్తుంది. 'వికార', 'ఆబాద్' అని విడదీస్తే సూత్రానికి లోపం లేదు, అర్థానికే అనర్థం. ఈ ఊరికి 1893 నుంచి 1901 వరకు హైదరాబాద్ రాజ్య దివానుగా ఉన్న పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు పెట్టారు. ఆ బిరుదులోని తొలి మాటకు అరబ్బీలో గౌరవం, హుందాతనం అని అర్థం. కాబట్టి సరైన విభాగం 'వికార్', 'ఆబాద్'. ఇక్కడ హల్లుపై అచ్చు చేరిందే తప్ప దీర్ఘసంధి జరగలేదు. ఒక్క అకారం ఎక్కువైతే గౌరవం వికారమవుతుంది.

తాండూరు సమస్య వేరు. చివర 'ఊరు' స్పష్టమే. పూర్వపదం 'తాండు' అయితే ఉత్వసంధి, 'తాండ' అయితే అత్వసంధి. రెండింటి ఫలితమూ ఒకటే. సంధి ముందుకు నడిచినంత సులువుగా వెనక్కి నడవదు. ఇటువంటి చోట పాత పత్రాల్లోని రూపాలే నిర్ణాయకం.

జావాలో గుర్తుల వ్యవస్థ

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో ప్రకటించిన జావాలో కోతకు గుర్తులున్నాయి. 'జావా.లాంగ్.స్ట్రింగ్' అన్న పేరులో చివరి చుక్కకు ముందున్నది ప్యాకేజీ, తర్వాతిది క్లాస్. కంపైల్ అయిన ఫైలులో మెథడ్ వివరణ మరింత క్లుప్తం: కుండలీకరణాల్లో పరామితుల రకాలు, ఆ తర్వాత ఫలితం రకం. పూర్ణసంఖ్యకు ఐ, శూన్య ఫలితానికి వి. బి అక్షరాన్ని బైట్ తీసుకున్నందున బూలియన్‌కు జెడ్ దక్కింది. ఎల్ క్లాసులకు కేటాయించినందున లాంగ్ రకానికి జె మిగిలింది. రైల్వేలో వికారాబాద్‌కు వి.కె.బి., తాండూరుకు టి.డి.యు. అన్నట్లే ఇవీ ఒప్పందపు సంకేతాలు. ఎల్ కనిపిస్తే సెమికోలన్ వరకు ఉన్నదంతా ఒకే క్లాస్ పేరు. ఈ నియమాన్ని విస్మరించిన ఫంక్షన్ ఆ పేరులోని ప్రతి అక్షరాన్నీ ఒక రకంగా పొరబడుతుంది.

గుర్తు చాలని సందర్భం

ఒక క్లాసులోని మరో క్లాసు పేరును కంపైలర్ డాలర్ గుర్తుతో కలుపుతుంది. అయితే డాలర్ మామూలు పేర్లలోనూ చెల్లుతుంది. 2004లో వచ్చిన జావా 5 లోని 'గెట్‌సింపుల్‌నేమ్' మెథడ్ బయటి క్లాస్ పేరు పొడవును తొలగించి, మిగిలినది డాలర్‌తో మొదలవుతుందని భావించేది. స్కాలా భాషలో బయటి పేరే డాలర్‌తో ముగియవచ్చు. అప్పుడు మిగిలిన భాగంలో ఆ గుర్తు ఉండదు, ఫలితంగా దోషం వచ్చేది. 2017లో వెలువడిన జావా 9 ఈ పద్ధతిని విడిచి, లోపలి క్లాసుల గురించి ఫైలులోనే నమోదైన సమాచారాన్ని చదవడం మొదలుపెట్టింది.

ముగింపు

జావా 9 క్లాస్ ఫైలులోని నమోదును ఆశ్రయించడమూ, వికారాబాద్ పేరుకు పాయిగా చరిత్రను ఆశ్రయించడమూ ఒకే పద్ధతి. సంధి సూత్రం సాధ్యమైన కోతలను మాత్రమే చూపుతుంది. వాటిలో జరిగినది ఏదో చరిత్ర చెబుతుంది. తెలుగు స్థలనామాలను కంప్యూటర్ ద్వారా విశ్లేషించే ప్రయత్నాల్లో సూత్రాల పట్టికతో పాటు చారిత్రక రూపాల పట్టికనూ చేర్చడం అందుకే అవసరం.