నాపా డిన్నర్ రైలు: పెట్టెలు పాతవే, దర్జా మాత్రం కొత్తది

బే ఏరియాకి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తే చూపించాల్సిన చోట్ల లిస్టులో నాపా వైన్ ట్రైన్ ఎప్పుడూ ఉంటుంది. వైన్ ముట్టని వాళ్ళు కూడా రైల్లో కూర్చుని భోంచేయడం అంటే సరదా పడతారు. నాపా నుంచి సెయింట్ హెలెనా దాకా పోయి రావడం 36 మైళ్ళు, దాదాపు మూడు గంటలు. లోపల మహాగని చెక్క, ఇత్తడి దీపాలు, బల్లల మీద తెల్లగుడ్డలు. 1915 ప్రాంతంలో పుల్‌మన్ కంపెనీ కట్టిన పెట్టెలని చెప్తారు. అది నిజమే. అయితే అప్పట్లో వాటిలో ఈ దర్జా ఏమీ లేదు.

అవి నార్తర్న్ పసిఫిక్ రైల్వే వాళ్ళు మామూలు ప్రయాణికుల కోసం కట్టించుకున్న పగటి పెట్టెలు. మన పాసింజరు బండిలాగా వరసగా సీట్లు, అంతే. 1960 ప్రాంతంలో కొలరాడో వాళ్ళు కొనుక్కున్నారు. డెన్వర్ నుంచి వింటర్ పార్క్ మంచుకొండలకు వెళ్ళే స్కీ ట్రైన్‌లో పాతికేళ్ళకు పైగా తిరిగాయి. తడిసిన బూట్లు, స్కీ కర్రలు, పిల్లల గోల! 1980ల చివర ఆ రైలుకి వేరే పెట్టెలు వచ్చాక ఇవి నాపా చేరాయి. సీట్లు పీకి బల్లలు వేశారు, చెక్క పని చేయించారు, వంటకి విడిగా పెట్టెలు అమర్చారు. ఇంత పాతవి ఎందుకంటే, ఆ కాలపు ఉక్కు పెట్టెలు మహా బరువు. నేలలో కాంక్రీటు కూడా పోసేవారు. నెమ్మదిగా పోతుంటే పెద్దగా ఊగవు, సూప్ ఒలకదు.

పట్టాల కథ ఇంకా పాతది. కాలిస్టోగా వేడినీటి బుగ్గల దగ్గర విడిది కట్టిన శామ్యూల్ బ్రానన్, శాన్‌ఫ్రాన్సిస్కో జనాన్ని అక్కడికి రప్పించడానికి 1864లో ఈ లైను మొదలుపెట్టాడు. అంటే మొదటినుంచీ ఇది టూరిస్టుల లైనే. తర్వాత సదరన్ పసిఫిక్ చేతికి పోయింది, ప్రయాణికుల బళ్ళు ఆగిపోయాయి, చివరికి లైనే మూసేద్దామన్నారు. 1987లో విన్సెంట్ డిడొమెనికో కొన్నాడు. మన కిరాణా కొట్లలో కనిపించే రైస్-ఎ-రోనీని మొదలుపెట్టింది ఆయన కుటుంబమే. రద్దీ పెరుగుతుందని ఊరివాళ్ళు కోర్టుదాకా వెళ్ళారు. అయినా 1989లో రైలు కదిలింది.

ఈ కొత్త దర్జా దేన్ని చూసి కట్టిందో అసలు కథ అక్కడుంది. పుల్‌మన్ అంటే జనానికి గుర్తొచ్చేది పడక పెట్టెల వైభోగం. 1865లో బానిసత్వం రద్దయ్యాక, జార్జ్ పుల్‌మన్ తన పడక పెట్టెల్లో పనికి ఏరికోరి నల్లజాతి మగవాళ్ళనే పెట్టుకున్నాడు. పక్కలు వేయాలి, బూట్లు తుడవాలి, పిలిస్తే అర్ధరాత్రి లేవాలి. నెలకి 400 గంటల దాకా పని, జీతం కన్నా టిప్పుల మీదే బతుకు. ప్రయాణికులు అందర్నీ "జార్జ్" అనే పిలిచేవారు, బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు. ఆడ ప్రయాణికుల జుట్టు దువ్వడానికి, చంటిపిల్లల్ని చూడ్డానికి నల్లజాతి మెయిడ్లు కూడా ఉండేవారు. వీళ్ళ గురించి ఎక్కడా పెద్దగా రాయలేదు.

1925లో పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టారు. కంపెనీ గూఢచారుల భయానికి మగవాళ్ళు బాహాటంగా కలవలేకపోతే, వాషింగ్టన్‌లో రోసినా టక్కర్ అనే ఆవిడ ఇల్లిల్లూ తిరిగి రహస్యంగా సభ్యుల్ని చేర్చింది. తెలిసి కంపెనీ ఆమె భర్తని పనిలోంచి తీసేసింది. ఆవిడ ఆఫీసుకే వెళ్ళి, పై అధికారి బల్ల మీద గట్టిగా చరిచి, నా పనితో ఆయనకేం సంబంధం అని నిలదీసింది. ఉద్యోగం తిరిగి ఇచ్చారు. 1937లో కంపెనీ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. పన్నెండేళ్ళు పట్టింది. నాకు జార్జ్ పుల్‌మన్ కన్నా ఈవిడే గొప్పగా తోస్తుంది.

ఇది జరిగిపోయిన కాలం కదా అనుకోడానికి లేదు. 2015 ఆగస్టు 22న పదకొండు మంది ఆడవాళ్ళ పుస్తకాల క్లబ్బు నాపా రైలెక్కింది. పదిమంది నల్లజాతి వాళ్ళు, ఒకావిడ తెల్లావిడ. 80 దాటిన పెద్దావిడ కూడా ఉన్నారు. మాట్లాడుకుంటూ నవ్వుకుంటున్నారు. గొడవగా ఉందన్నారు సిబ్బంది. సెయింట్ హెలెనాలో, మిగతా ప్రయాణికులు చూస్తుండగా, పెట్టె తర్వాత పెట్టె నడిపించి పోలీసులు నిలబడ్డ చోట దింపేశారు. పైగా వాళ్ళే దురుసుగా ప్రవర్తించారని కంపెనీ ఫేస్‌బుక్‌లో పెట్టి, తర్వాత తీసేసింది.

ఆడపిల్ల అంత గట్టిగా నవ్వకూడదని మనలో ఎవరం వినలేదు? వాళ్ళు విన్నది దాంతో పాటు ఇంకొకటి కూడా. దేశమంతా గోల అయ్యాక కంపెనీ అధిపతి పూర్తిగా తమదే తప్పని క్షమాపణ చెప్పాడు. ఆ ఆడవాళ్ళు 1 కోటి 10 లక్షల డాలర్లకి దావా వేశారు. ఈలోగా రైలు కొత్త యజమానుల చేతికి వెళ్ళింది. 2016 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది, ఎంతకో బయటపెట్టలేదు.