కలనం కంటే ముందొచ్చే యాంత్రికశాస్త్రం

హైదరాబాద్ శివారు సైనిక్‌పురిలో పదో తరగతి ముగించి భౌతికశాస్త్రం వైపు వెళ్లే పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి సీబీఎస్ఈ. సైనిక కుటుంబాల కోసం వెలసిన కాలనీ కనుక, బదిలీల మీద ఊళ్లు మారే కుటుంబాలకు దేశమంతటా ఒకే తీరుగా ఉండే ఈ చదువు అనుకూలం. ఇక్కడి భవన్స్ శ్రీరామకృష్ణ విద్యాలయానిది ఈ దారే. రెండోది రాష్ట్ర బోర్డు ఇంటర్మీడియట్, ఎంపీసీ గ్రూపు. ఎటు వెళ్లినా మొదటి ఏడాదిలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. యాంత్రికశాస్త్రానికి కలనగణితం (కాల్క్యులస్) కావాలి. గణితం తరగతిలో అది ఇంకా మొదలై ఉండదు.

పుట్టుకలో ఈ రెండూ ఇంత దూరంగా లేవు. న్యూటన్ తన కలనాన్ని కాలంతోపాటు ప్రవహించే రాశుల లెక్కగానే ఊహించాడు. అయినా 1687లో వెలువడిన ప్రిన్సిపియాలో వాదన చాలావరకు జ్యామితి పటాల మీదే నడిపాడు. చలనసూత్రాలను కలనం భాషలో విస్తారంగా రాసింది ఆయిలర్, 1736లో. 1788 నాటికి లాగ్రాంజ్ ఒక్క పటమూ లేకుండా యాంత్రికశాస్త్ర గ్రంథం పూర్తిచేశాడు.

తెలుగునాట ఈ పాఠం నేటి రూపానికి వచ్చింది 1969-70లో, పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చినప్పుడు. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాలతో అవకలనం, సమాకలనం, జడత్వ భ్రామకం, ద్రవ్యవేగం వంటి మాటలు తెలుగు మాధ్యమం తరగతుల్లో స్థిరపడ్డాయి. వీటిలో మొదటి రెండూ చక్కని మాటలు. విడదీసి లెక్కించడం ఒకటి, కూర్చి లెక్కించడం మరొకటి. చేసే పని పేరులోనే ఉంది.

చిక్కంతా పాఠాల వరుసలో ఉంది. గణితం 1బి పుస్తకం బిందుపథం, సరళరేఖలతో మొదలై, అవధులూ అవకలనమూ చివరి భాగంలో చెబుతుంది. సమాకలనం రెండో ఏడాది 2బిలో గాని రాదు. భౌతికశాస్త్రం మాత్రం తొలి వారాల్లోనే తక్షణ వేగం అడుగుతుంది. సీబీఎస్ఈలోనూ అంతే: అవధులు, అవకలజాలు పదకొండో తరగతి చివర్లో, సమాకలనం పన్నెండులో. అందుకే ఫిజిక్స్ లెక్చరర్లు ‘బేసిక్ మ్యాథ్స్’ పేరుతో మొదటి కొన్ని తరగతులను కలనానికి కేటాయించడం అలవాటైంది. నిరూపణలు ఉండవు, వాడుక నేర్పి ముందుకు సాగుతారు.

ఆ కొన్ని తరగతులతో తేడా చాలా వస్తుంది. స్ప్రింగును సాగదీసేటప్పుడు బలం స్థిరంగా ఉండదు, సాగినకొద్దీ పెరుగుతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే పని వస్తుందన్న సూత్రం అక్కడ పనికిరాదు. దూరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో జరిగిన పనిని కూడితే స్ప్రింగు స్థిరాంకంలో సగాన్ని సాగుదల వర్గంతో గుణించినంత వస్తుంది. కడ్డీ జడత్వ భ్రామకమూ ఇలాంటిదే. మధ్యబిందువు గుండా లంబంగా పోయే అక్షం చుట్టూ దాని విలువ, ద్రవ్యరాశిని పొడవు వర్గంతో గుణించి 12తో భాగించినంత. సీబీఎస్ఈ బడుల్లో వాడే ఎన్సీఈఆర్టీ పుస్తకం ఈ విలువలను పట్టికగా ఇచ్చి ఊరుకుంటుంది. సమాకలనం తెలియని పిల్లకు ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టదు, బట్టీ పట్టడమే మిగులుతుంది. భ్రమణ చలనం అంటే పిల్లలు జంకడానికి ఇదొక ముఖ్య కారణం.

రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎంసెట్ వచ్చాక బట్టీకి బలం పెరిగింది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. అంత వేగంలో సూత్రం గుర్తుంటే చాలు, దాని పుట్టుక అక్కర్లేదు. ఐఐటీ ప్రవేశపరీక్ష మాత్రం చరబలాలు, మారే ద్రవ్యరాశి ఉన్న లెక్కలు అడిగేది. ఆ అవసరం నుంచే నల్లకుంటలో చుక్కా రామయ్య శిక్షణ సంస్థకు పేరొచ్చింది. తెల్లవారకముందే నడిచే తరగతులతో జంటనగరాల పిల్లల్ని రప్పించిన ఆయన స్వతహాగా గణితం మాస్టారు. 1992లో వచ్చిన హెచ్.సి. వర్మ ‘కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్’ ఈ లోటును పుస్తకంలోనే పూడ్చింది. బలాల జోలికి పోకముందే, రెండో అధ్యాయంలో భౌతికశాస్త్రానికి కావలసిన గణితాన్ని, కలనంతో సహా, చెప్పేస్తుంది.

2012-13 నుంచి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రాన్ని ఎన్సీఈఆర్టీకి దగ్గరగా సవరించారు. రెండు దారుల్లో యాంత్రికశాస్త్రం దాదాపు ఒకటైంది. ఆ సవరణలోనూ సమాకలనం రెండో ఏడాదిలోనే ఉండిపోయింది.